రింగుల మేడం

మొన్న మాదాపూర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు స్టీలు కంచాలు దింపడానికి వెళ్లాను. పెరట్లో ఒక కాంట్రాక్టరు కొత్తగా తవ్విన ఇంకుడు గుంతలో నీళ్లు పోయించి చూస్తున్నాడు. ఎండకు నోరు తెరుచుకుని ఉన్న గుంత, డ్రమ్ము బోర్లించగానే గటగటా తాగేసింది.

"చూశారాండీ? మీ బిల్డింగు నీళ్లన్నీ ఇలాగే మింగేస్తుందండి. ఇంక మీరు నిశ్చింతగా ఉండొచ్చు" అని ఆయన హాస్టల్ ఓనరమ్మకు చెబుతున్నాడు.

నాకేం పని? కంచాలు అప్పజెప్పి, ఒకదాని అంచు సొట్టపోయిందని ఓనరమ్మ పెట్టిన పేచీకి జవాబు చెప్పి, బిల్లు మీద సంతకం పెట్టించుకుని పోవాల్సినవాణ్ని. అయినా నోరు ఊరుకోలేదు.

"మొదటి దాహం లెక్కల్లకు రాదు సార్. ఇంకో రెండు డ్రమ్ములు పోయించుండ్రి. కడుపు నిండినంక ఎంత తాగుతదో గది చూడాలె" అన్నాను.

కాంట్రాక్టరు నన్నూ నా కంచాలనూ మార్చి మార్చి చూశాడు. "ఈ మాట మీకెక్కడిదండీ?"

"మాకు ఒక మేడం చెప్పింది. ఇనుప రింగులు పట్టుకొని తిరుగుతుండె."

"ఓ, ఆవిడా! చీర మీద మగాళ్ల చొక్కా, నెత్తిన టోపీ!" అని నవ్వాడు. అంతలోనే నవ్వు సర్దుకుని, "పోయిన వేసవిలో పోయారండి. రెండు రోజులు జ్వరం, అంతే. నేను చూడ్డానికి వెళ్తే, నేను కట్టించిన గుంత ఒకటి తప్పని మంచం మీంచే చివాట్లు పెట్టారు" అన్నాడు.

తర్వాత పనివాళ్లను పిలిచి ఇంకో రెండు డ్రమ్ముల నీళ్లు తెమ్మన్నాడు.

తిరిగి వస్తుంటే, ట్రాలీ ఆటోలో ఖాళీ అట్టపెట్టెల పక్కన కూర్చుని ఏడుద్దామనుకున్నాను. చావు కబురు విన్నాక చేయాల్సిన పని అదే కదా. ఏడుపు రాలేదు. ఆమె గుర్తొచ్చిన ప్రతిసారీ వచ్చేది నవ్వే. అది కూడా గండం గట్టెక్కినవాడు నవ్వే నవ్వు. ఎందుకో చెబుతాను.

మాది దుకాణాల ఇల్లు. నాన్నది స్టీలు సామాను, పెద్దనాన్నది బట్టలు, మేనమామలది కిరాణా. మా ఇళ్లలో పిల్లలకు నడక కంటే ముందు 'ఇంకొంచెం తగ్గించుండ్రి' అనడం వస్తుంది. పెళ్లిచూపుల్లో మా అత్తగారు రెండో లడ్డూ వడ్డించబోతే నేను 'ఒకటిన్నర చేయండి' అన్నానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది. పచ్చి అబద్ధం. ఆ మాట అన్నది మా పెద్దనాన్న. నేను పక్కన కూర్చుని తల ఊపానంతే.

ఈ బేరాల పేరు వల్లే బాచుపల్లిలో మా అపార్టుమెంటు వాళ్లు నన్ను సంఘానికి సెక్రటరీని చేశారు. లిఫ్టు వాళ్లతో, పెయింటు వాళ్లతో, ట్యాంకరు వాళ్లతో మాట్లాడాల్సి వస్తే అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు. ముందు నేను మిగులుతాను. రింగుల మేడం కూడా అలాగే నా వంతుకు వచ్చింది.

మొదటిసారి ఆమె మియాపూర్‌లోని మా దుకాణానికే వచ్చింది. ఫోన్లో మాట్లాడితే మనిషి ఎట్లాంటివాడో తెలియదట. దుకాణం ముందు ఆటో ఆగింది. వెనక సీటు మీద రెండు పెద్ద ఇనుప రింగులు, ఒకదాని లోపల ఒకటి, దర్జాగా కూర్చుని ఉన్నాయి. ఆమె డ్రైవరు పక్కన సీటు అంచు పట్టుకుని వేలాడుతోంది. అరవై దాటిన మనిషి.

"గదేంది మేడం, మీరు వెనక కూసోవద్దా?" అన్నాను.

"గవి వంగితే మళ్ల సక్కగ కావు. నేను వంగితే మందు రాస్కుంటె సక్కగైత" అని దిగింది.

చీర మీద పొడుగు చేతుల మగ చొక్కా, కాళ్లకు కాన్వాస్ బూట్లు, నెత్తికి తువ్వాలు, తువ్వాలు మీద టోపీ. గోళ్ల సందుల్లో మట్టి. వ్యవసాయ కాలేజీలో మట్టి గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యిందని, ఇప్పుడు తోటలకూ అపార్టుమెంట్లకూ నేల ఎంత వేగంగా నీళ్లు తాగుతుందో కొలిచి పెడుతుందని అంతకుముందే విన్నాను. రింగులు చూస్తే నా కంటికి అడుగు ఊడిపోయిన గంగాళాల్లా కనిపించాయి.

"వీటికి అడుగు లేదు గద మేడం. నీళ్లెట్ల ఆగుతయ్?"

"ఆగొద్దనే, సేటూ."

ఆ రోజు నుంచి ఆమెకు నేను సేటునే. నా అసలు పేరు ఆమెకు తెలుసో లేదో నాకిప్పటికీ అనుమానమే.

ఫీజు చెప్పింది. నాకొక పద్ధతి ఉంది. ధర వినగానే ఏమీ అనను. తలెత్తి ఫ్యాను వంక చూస్తాను. చూస్తూ చూస్తూ "అంతనా..." అని సాగదీస్తాను. ఎదుటివాడికి ఆ మౌనం భరించడం కష్టమై తనే దిగి వస్తాడు. మా నాన్న నేర్పిన విద్య, ఏ కంపెనీ వాడి దగ్గరా వమ్ము కాలేదు. ఆమె కూడా తలెత్తి ఫ్యాను వంక చూసింది. ఇద్దరం చాలాసేపు చూశాం.

"ఏమున్నది ఆడ?" అంది చివరికి.

"ఏం లేదు మేడం. పోనీ, ఫీజు మీదే ఖాయం. కాని ఒక టెస్టుకు ఇంకో టెస్టు ఫ్రీ ఇయ్యుండ్రి. మా దుకాణంల పండగప్పుడు అట్లనే ఇస్తం."

"రింగులు రెండున్నయ్ గద. ఒకటి ఫ్రీ అనుకో."

దుకాణంలో పనివాళ్లు ముఖాలు తిప్పుకుని నవ్వారు. మా నాన్న ఫోటో కూడా నవ్వినట్టే అనిపించింది. పైగా ఆమెవి ఎదురు షరతులు: నెత్తి మీద నీడ ఉండాలి, రింగుల మీదికి ఎవరూ వంగి చూడొద్దు, మధ్యాహ్నం తినడానికి సర్వపిండి రొట్టె పెట్టాలి. "ఇంట్ల చేస్తరా, కొనుక్కొస్తరా?" అని కూడా అడిగింది.

రెండు రింగులు ఎందుకో ఆ రోజే చెప్పింది. రెండింటినీ నేలలోకి దిగగొట్టి రెండింట్లోనూ నీళ్లు పోస్తారు. లెక్క లోపలి రింగులో నీళ్లదే. ఒక్క రింగే పెడితే దాని కింద నీళ్లు పక్కలకు జారిపోతాయి, నేల బాగా తాగుతోందని మనం మోసపోతాం. బయటి రింగులో నీళ్లు ఆ పక్కదారులన్నీ కాపలా కాస్తాయి. అప్పుడు లోపలి నీళ్లకు తిన్నగా కిందికి దిగడం తప్ప దారి లేదు.

"మా నాన్న గూడ గిదే చేస్తుండె మేడం" అన్నాను. "పెళ్లి సామాను గిరాకీని నడుమ కూసోబెట్టి, అటొక సేల్స్‌మన్ ఇటొక సేల్స్‌మన్ నిలబడుతుండ్రి. పక్క దుకాణం దిక్కు సూపు జారొద్దని."

ఆమె తువ్వాలుతో కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. తర్వాత ఎక్కడ రింగులు పెట్టినా జనానికి ఆ పెళ్లి సామాను కథే చెప్పి అర్థం చేయించేదట. అది నాదని మాత్రం ఎక్కడా చెప్పలేదట. ఏం చేస్తాం.

మట్టి కనిపిస్తే ఆమె చేతులు ఊరుకునేవి కావు. మా ఇంటికి వచ్చినప్పుడు, చాయ్ కప్పు చేతికిచ్చి మా ఆవిడ లోపలికి వెళ్లి వచ్చేలోగా బాల్కనీలో కరివేపాకు కుండీలోంచి చిటికెడు మట్టి తీసి, కప్పులోంచి రెండు చుక్కల చాయ్ పోసి తడిపి, బొటనవేలితో నొక్కుతూ నాడాలా సాగదీస్తోంది. ఎంత పొడుగు సాగితే అంత బంకమట్టి అట.

"నీ చెట్టు గోసపడుతున్నది బిడ్డ" అంది.

మా ఆవిడ ముఖం మాడింది. "మంచిగనే ఉన్నది గద మేడం. రోజూ కూరల వేస్తున్న."

"ఉన్నది. గోసపడుకుంటనే ఉన్నది."

ఆమె వెళ్లాక మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం నర్సరీ నుంచి ఇసుక కలిపిన మట్టి తెచ్చి, ఎవరూ చూడనప్పుడు కుండీ మార్చింది.

నేల కింది సంగతి అంత బాగా తెలిసిన మనిషికి నేల పైన సంగతి సున్నా. 'ఇయ్యాల వాన రాదు' అని ఆమె అన్నదంటే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోవాల్సిందే. 'రేపు దంచి కొడ్తది' అంటే రేపు వడియాలు పెట్టుకోవచ్చు. ఎవరైనా వేళాకోళం చేస్తే, "ఆకాశం నా డిపార్ట్‌మెంటు కాదు" అని కొట్టిపారేసేది. అయినా జోస్యం మాత్రం మానలేదు.

ఇక ఆమెను పిలిపించిన అసలు సంగతి. మా బిల్డింగు వెనక వైపు పల్లం. వాన పడితే మిద్దె మీది నీళ్లన్నీ పైపుల్లోంచి వెనక జాగాలోకి దూకి, అక్కడ నిలిచి, నిలిచినవి నిలిచినట్టే పొంగి సెల్లారులోకి దిగుతాయి. సెల్లారు మూలన వాచ్‌మన్ గది. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం, బాచుపల్లి బడిలో చదివే ఇద్దరు ఆడపిల్లలు. వాచ్‌మన్ భార్య ఆ గది ముందే బల్ల వేసుకుని సగం బిల్డింగుకు ఇస్త్రీ చేస్తుంది. మబ్బు పట్టిందంటే చాలు, బియ్యం సంచి బల్ల మీదికి, పుస్తకాల సంచులు అటక మీదికి, పిల్లలు మెట్ల మీదికి. ఆమె చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి వచ్చే నీళ్లను వెనక్కి తోస్తూ ఉంటుంది.

మా ప్రెసిడెంటు గారు గుంటూరు వైపు ఆయన, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. చెడ్డమనిషి కాదు. అంతకుముందు వానాకాలం ఆ గదిలోకి మోకాలిలోతు నీళ్లు వచ్చినప్పుడు, ఇస్త్రీ పెట్టె వైరు నీళ్లలో తేలుతుంటే, ప్యాంటు మడిచి వెళ్లి మెయిన్ ఆపింది ఆయనే.

"పోయినసారి అదృష్టం బాగుందండి. ప్రతిసారీ ఉండదు కదండీ" అన్నారు మీటింగులో. "ఆ గది మూసేద్దాం. వెనకంతా సిమెంటు చేయించి, ఏజెన్సీ గార్డులను పెట్టుకుందాం. రేపు ఎవరికైనా షాకు కొడితే మనందరి గతేంటండీ?"

అందరూ తల ఊపారు. ఆయన మాటలో తప్పులేదు. గది మూస్తే ఆ కుటుంబం ఎక్కడికి పోవాలి, పిల్లల బడి ఏం కావాలి అని ఎవరూ అడగలేదు. నేనూ సూటిగా అడగలేదు. నాకు సూటిగా అడగడం రాదు, బేరం పెట్టడం వచ్చు.

"ఒక టెస్టు చేయిద్దాం సార్. వెనక జాగాల నేల నీళ్లు తాగుతదంటే గుంత తీసి పైపులు అటు తిప్పుదాం, గది ఉంటది. తాగదంటే మీరన్నట్టే చేద్దాం."

"సరేనండి. కానీ సంతకం పెట్టిన రిపోర్టు కావాలి. మాటలు కాదు" అన్నారు ఆయన.

వాచ్‌మన్ భార్యకు నేనే చెప్పాను. ఇస్త్రీ ఆపి విన్నది. విని ఒక్కటే అడిగింది.

"ఆ మేడం ఎసొంటిది సార్?"

"మంచామె."

"మంచామె అయితే మంచిగ రాస్తదా?"

ఏ దుకాణంలోనూ నాకు ఆ ప్రశ్న ఎదురుకాలేదు.

మేడం ఫోన్లో చెప్పినట్టు వాచ్‌మన్ వెనక జాగాలో నడుములోతు గుంత తవ్వి ఉంచాడు. ఆదివారం పొద్దున నేను కిందికి దిగి చూద్దును కదా, గుంత అడుగంతా నాని నిగనిగలాడుతోంది. గట్టంతా అలికినట్టు చదును చేసి ఉంది. చుట్టూ పెద్ద ముగ్గు. వాచ్‌మన్ భార్య తల స్నానం చేసి, పైపు చేతిలో పట్టుకుని, ఇంకా పోస్తూనే ఉంది.

"ఇదేంది తల్లీ?"

"మన ఇంటి సంగతి చూడనీకి పెద్ద మేడం వస్తున్నది గద సార్. దుమ్ము దుమ్ముంటే ఏం బాగుంటది? మీరు గూడ దుకాణం తెరవంగనే ముందల నీళ్లే గద సల్లేది."

నిజమే. మా తాత కాలం నుంచీ గల్లాపెట్టె తాళం తీసేముందు గడప ముందు నీళ్లు పడాల్సిందే. ఆ ఆచారం నిండు గౌరవంతో వచ్చి ఈ గుంతలో పడింది.

ప్రెసిడెంటు గారు కుర్చీ పట్టుకుని వచ్చారు. చూశారు. "అయ్యో, తడిపేశారేంటండీ! తడిసిన స్పాంజీ ఇంకేం పీలుస్తుంది? టెస్టు చెడిపోయిందిగా!"

ఆమె చేతిలో పైపు నేల మీదికి జారింది. నీళ్లు ముగ్గు మీద పారుతుంటే కట్టేయాలని కూడా తోచలేదు. వాచ్‌మన్ వెళ్లి నల్లా కట్టేసి, పళ్ల సందున, "నిన్నెవరు పొయ్యమన్నరే? మన నోట్ల మనమే మన్ను కొట్టుకున్నం" అన్నాడు. ఎప్పుడూ అతనికి రెండు మాటలు ఎక్కువే అప్పజెప్పే మనిషి తల దించుకుంది.

నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. మేడం ఆటో అప్పుడే ఆగింది, రింగులు సీటు మీద, ఆమె అంచు మీద.

"మేడం, ఇయ్యాల వద్దు. మా ఇంట్ల చిన్న దావతున్నది, పరేషాన్ ఉన్నది. ఎల్లుండి పెట్టుకుందాం. ఎండలు గూడ మంచిగ కొడుతున్నయ్, నేల జర ఆరితే..."

సరుకును మంచి వెలుతురులో చూపించాలి, మా నాన్న చెప్పిన రెండో విద్య. ఎండిన నేల చూపిస్తే గటగటా తాగుతుంది, రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది, ఇదీ నా లెక్క.

"నేల ఆరుడేంది?" అని ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "జరుగు, సేటూ."

ముగ్గు దగ్గర ఆగింది. బూట్లు విప్పింది. గీతలు తొక్కకుండా దాటి గట్టు మీద గొంతు కూర్చుని గుంతలోకి చూసింది.

"నేనే పోసిన మేడం" అంది వాచ్‌మన్ భార్య. "తెల్వక పోసిన. తప్పయింది. వీళ్లకేం తెల్వదు."

"ఎప్పటిసంది?"

"నిన్న పొద్దుమూకినప్పటి సంది."

"నడుమ ఎండనిచ్చినవా?"

"లేదు మేడం. ఇంకినప్పుడల్ల మళ్ల పోసిన."

మేడం నా వైపు తిరిగింది. "నేను నీకు ఫోన్ల చెప్పిన గద, ముందురోజే గుంత నానబెట్టాలె అని?"

"చెప్పలేదు మేడం. గుంత తియ్యమన్నరు."

"చెప్పిన."

"లేదు మేడం. సర్వపిండిల పల్లీలు ఎక్కువెయ్యమని చెప్పిండ్రు. నీళ్ల సంగతి ఎత్తలేదు."

ఆమె టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకుంది. "అయితే మర్చిన. ముసల్దాన్నైన. ఇంటికి పోయి మళ్ల రేపు రావల్సి వస్తుండె." ఆ తర్వాత వాచ్‌మన్ భార్యను చూసి, "మంచి పని చేసినవ్ బిడ్డ. నాకు ఒక దినం మిగిలిచ్చినవ్" అంది.

వాచ్‌మన్ భార్యకు అర్థం కాలేదు. తిడుతోందేమో అనుకున్నట్టుంది, తల దించుకునే ఉంది. ప్రెసిడెంటు గారు ఒప్పుకోలేదు.

"అదెలా మేడం గారూ? తడిసిన నేల తక్కువ పీలుస్తుంది కదండీ. కొలత తప్పు రాదా?"

"తక్కువే పీలుస్తది. మంచిగ అడిగిన్రు. మరి మీ సెల్లార్లకు నీళ్లెప్పుడొస్తయ్ సార్? మొదటి వానకా, పొద్దు తెరిపియ్యకుండ మూడొద్దులు కొట్టినంకనా?"

"మూడో రోజుకండి."

"అప్పటికి నేల ఎండి ఉంటదా, నాని ఉంటదా?"

ఆయన "నానే ఉంటుంది" అన్నారు. "అంటే, నానాక ఎంత తాగితే అదే మనకు పనికొచ్చే లెక్కన్నమాట."

"గదే. ఎండిన నేల ఎవరు నీళ్లిచ్చినా తాగుతది. మొదటి దాహం లెక్కల్లకు రాదు."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. బ్యాంకు మనిషి, లెక్క నచ్చితే శత్రుత్వం ఉండదు. నేను గేటు దగ్గర చేసిన బేరం తలుచుకుని చిన్నగా వెనక్కి జరిగాను. 'ఎండిన సరుకు' చూపించి అందరినీ ముంచేవాణ్ని.

గుంతలోకి దిగి, రింగుల మీద చెక్క అడ్డం పెట్టి, సుత్తితో సమంగా దిగగొట్టింది. రెండింట్లో నీళ్లు పోసింది. లోపలి రింగుకు స్కేలు తగిలించి, పీట మీద కూర్చుని, గడియారం చూసుకుంటూ కొలవడం మొదలుపెట్టింది. గొడుగు నేను పట్టుకున్నాను.

నీళ్లు గటగటా దిగలేదు. దిగుతున్నాయో లేదో కూడా తెలియడం లేదు. కంటికి నిలిచినట్టే ఉన్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు కాసేపు చూసి, ఇందులో ఏమీ లేదని టీవీల దగ్గరికి వెళ్లిపోయారు. వాచ్‌మన్ భార్య ర్యాంపు దగ్గర బల్ల ముందు నిలబడి ఒకే చొక్కా మీద ఇస్త్రీ పెట్టె అటూ ఇటూ తిప్పుతోంది. ప్లగ్గు పెట్టలేదని నాకు కనిపిస్తూనే ఉంది.

నేను రింగుల మీదికి వంగాను, గొడుగు పక్కకు జరిగింది.

"నీడ, సేటూ!"

నిలబడ్డాను. కాసేపటికి ఇక ఆగలేక మెల్లగా అన్నాను. "మేడం, ఒక మాట. గోరంత ఎక్కువ రాస్తే ఏమైతది? ఎవరికి నష్టం?"

ఆమె స్కేలు మీంచి కళ్లు తిప్పలేదు. "నేను గోరంత ఎక్కువ రాస్తే, వానల గామె ఇంట్లకు గా గోరంత నీళ్లొస్తయ్. చీపురు నువ్వు పడ్తవా?"

నేను గొడుగు సరిగ్గా పట్టుకున్నాను.

మధ్యాహ్నం సర్వపిండి గుంతలోనే తిన్నది. నువ్వులు తక్కువయ్యాయని వంక పెట్టి, ఇంకో ముక్క అడిగింది. తింటూ కూడా కొలుస్తూనే ఉంది. నీళ్లు కాస్త దిగగానే మళ్లీ గీత దాకా పోస్తుంది, మళ్లీ చూస్తుంది. నాకు నెమ్మదిగా ఒక సంగతి తెలిసొచ్చింది. మొదట ఎంత దిగిందో ఇప్పుడూ అంతే దిగుతోంది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. మా నాన్నకు జీవితంలో అసహ్యమైన బోర్డు ఒకటుంది, 'ఒకటే ధర'. అట్లాంటి దుకాణం మెట్లు ఎక్కొద్దని మాకు చిన్నప్పుడే చెప్పాడు. మా వెనక జాగా నేల సరిగ్గా అట్లాంటి దుకాణం. ఫ్యాను వంక చూసినా దిగదు, లేచి వెళ్లిపోతున్నట్టు నటించినా పిలవదు. కానీ అన్న మాట తప్పదు.

ఎండ వాలుతుండగా ఆమె నడుం పట్టుకుని లేచింది. "అయిపోయింది. మొరం నేల. తొందరపడదు గని, ఆగది. మిద్దె మొత్తం నీళ్లు తీసుకుంటది. కాని ఒక గుంత సాలదు. రెండు కావాలె."

"ఒకటిన్నర?" అనేశాను. ఒట్టు, అలవాటు కొద్దీ వచ్చింది.

ప్రెసిడెంటు గారు కూడా పకపకా నవ్వారు. ఆయన మిద్దె కొలతలు తీసుకుని తన పద్ధతిలో మళ్లీ లెక్క కట్టుకున్నారు. సరిపోయింది. "రెండు తవ్విద్దామండి. గది ఉంటుంది. కానీ ఆ ఇస్త్రీ ప్లగ్గు మాత్రం గోడకు పైన పెట్టించండి, నా ప్రాణం కుదుటపడుతుంది" అన్నారు.

నేను సెల్లారులోకి పరుగెత్తుకెళ్లి చెప్పాను. వాచ్‌మన్ దండం పెట్టాడు. ఆమె పెట్టలేదు. సంతోషపడిందో లేదో కూడా తెలియలేదు.

"వాన రానియ్యుండ్రి సార్. అప్పుడు చూస్త" అంది.

నాకు కొంచెం కోపం వచ్చింది. తర్వాత న్యాయమే అనిపించింది. ఇన్నేళ్లూ ఆమె గడప దాటి లోపలికి వచ్చింది వాన గానీ రిపోర్టులు కాదు.

గుంతలు రెండూ తవ్వాం. కంకర నింపాం, ఇసుక పరిచాం, పైపులు అటు తిప్పాం. మిరుగు కార్తె దాటాక ముసురు పట్టింది. మొదటి రోజు పోయింది, రెండో రోజు పోయింది. మూడో రోజు మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడ్డట్టు కురవడం మొదలైంది. దుకాణం పనివాళ్లకు వదిలేసి, మియాపూర్ నుంచి బాచుపల్లి దాకా ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంటికి వచ్చాను. వెనక జాగాలో అప్పటికే ఒక మనిషి నిలబడి ఉంది. చీర మీద మగ చొక్కా, నిలువెల్లా తడిసి. ఎవరూ పిలవలేదు.

"మేడం! ఈ వానల ఎందుకొచ్చిండ్రు?"

"మూడో దినం గద" అంది.

గొడుగు పట్టబోతే పక్కకు నెట్టింది. మిద్దె మీంచి పైపులు ధారగా దూకుతున్నాయి. గుంతల మీద కంకర సగం మునిగి ఉంది. నీళ్లు అక్కడే సుడి తిరుగుతున్నాయి. పొంగుతాయా, నిలుస్తాయా? ఆమె ఒక రాయి వైపు చూపించి దాన్నే చూస్తూ ఉండమంది. చూశాను. రాయి మునగలేదు. ఎంత వస్తోందో అంత పోతోంది. తొందరా లేదు, ఆగడమూ లేదు. ప్యాంటు మడుచుకుని సెల్లారులోంచి పైకి వచ్చిన ప్రెసిడెంటు గారు ర్యాంపు మీదే నిలబడి, మడిచిన ప్యాంటును మళ్లీ కిందికి దించుకున్నారు.

"పాండ్రి మేడం, కిందికి పోయి చూద్దాం. ఆమెకు చెప్పాలె" అన్నాను.

సెల్లారు నేల దుమ్ముదుమ్ముగానే ఉంది. పైన వాన హోరు, కింద ట్యూబులైటు చప్పుడు కూడా వినిపిస్తోంది. వాచ్‌మన్ గది తలుపు తెరిచే ఉంది. బియ్యం సంచి గోడకు ఆనించి కిందే ఉంది. పిల్లల పుస్తకాలు చాప మీద పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. ఇస్త్రీ చేయాల్సిన బట్టల మూట పక్కన, మోచెయ్యి తల కింద పెట్టుకుని, వాచ్‌మన్ భార్య నేల మీద పడుకుని నిద్రపోతోంది. చీపురు ఎక్కడుందో కనిపించలేదు.

మేడం వచ్చిందని చెప్పడానికి నేను గుమ్మంలోంచి పిలవబోయాను. నోటి దగ్గర తడి చెయ్యి అడ్డం వచ్చింది.

"లేపకు, సేటూ. జర పండనియ్యి."

మేం వెనక్కి తిరిగాం. నాలుగడుగులు వేశాక ఆమె ఆగి కిందికి చూసింది. ఆ నేల మొత్తం మీద తడి ఏదైనా ఉందంటే అది గడప దాకా వెళ్లి వచ్చిన మా పాదాల గుర్తులే. నెత్తి మీది తువ్వాలు తీసి, బయటి మెట్టు మీద పిండి వచ్చింది. తర్వాత గడప దగ్గర వంగి, ఒక్కొక్క గుర్తునే తుడుచుకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ ర్యాంపు దాకా వెళ్లిపోయింది.